బావ లారీ, నా స్ప్రే డబ్బా

ఇప్పుడు మా బావ దగ్గరున్న లారీ తాళం తిప్పగానే స్టార్టవుతుంది. చలికాలమని, పొద్దున్నే అని దానికి పట్టింపు లేదు. అయినా చలి మొదలైందంటే చాలు, ఐదింటికల్లా నాకు మెలకువ వచ్చేస్తుంది. లేచి చేసే పనేమీ లేదు. పక్క గల్లీలోంచి ఇంజన్ మోత వినిపిస్తుంది. నన్నొక్క మాటైనా అడగకుండా అది రోడ్డెక్కి వెళ్లిపోతుంది. మనసు కాస్త చివుక్కుమంటుంది.

పాత లారీ అలా కాదు. దానికి నేను కావాలి. సిద్దిపేటలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పడం నా రెండో ఉద్యోగం. మొదటిది, కాలేజీకి బయలుదేరేలోపు మా అక్క భర్త లారీకి ఊపిరి పోయడం. పాత డీజిల్ ఇంజన్ చలికి బిగుసుకుపోతే సెల్ఫ్ ఎంత కొట్టినా దగ్గుతుందే తప్ప లేవదు. అప్పుడు గాలి లోపలికి పోయే గొట్టం దగ్గర ఈథర్ స్ప్రే కొంచెం కొట్టాలి. అది డీజిల్ కన్నా ముందే అంటుకుని ఇంజన్‌ను తట్టి లేపుతుంది. క్యాబిన్‌లో కూర్చుని సెల్ఫ్ కొట్టేది బావ, కింద నిలబడి డబ్బా పట్టుకునేది నేను. ఈ పనిలో నా గొప్పతనం గురించి ఇంతకన్నా చెప్పుకోను.

దానికో కొలత ఉండేది. డబ్బా 'పుర్' అనాలి, 'పుర్ర్ర్' అనకూడదు. ఎక్కువైతే ఇంజన్ లోపల సుత్తితో కొట్టినట్టు మోత వస్తుంది, ఆ మోతకు బావ గుండెలోనూ ఏదో విరుగుతుంది. సరిగ్గా పడితే మాత్రం తెల్లటి పొగ ఒక్కసారి గల్లీ అంతా కమ్మేసి, లారీ ఒళ్లు విరుచుకుని లేచేది. ఆ తియ్యటి వాసన నా చొక్కాకు అంటుకుని క్లాసుదాకా వచ్చేది. సారు రోజూ దవాఖానకు ఎందుకు పోతున్నాడని ముందు బెంచీ పిల్లలు గుసగుసలాడుకునేవాళ్లు. ఎదురింట్లో కల్లు గీసే పెద్దాయన ఉండేవాడు. తాటిచెట్లకు పోతూ పోతూ రోజూ ఒక క్షణం ఆగేవాడు.

"నా కాడికొచ్చేటోళ్లు గూడ గింత పొద్దుగాల తాగరు సారూ," అనేవాడు.

అక్కకు ఈ స్ప్రే అలవాటు నచ్చేది కాదు. అలవాటైతే ఇంజన్ తొందరగా అరుగుతుందని మెకానిక్ చెప్పిన మాట ఆమె మరిచిపోలేదు. ఆమె పోరగా పోరగా బావ ఒక సాయంత్రం గాలి గొట్టంలో హీటరు పెట్టించాడు. మీట నొక్కితే లోపల తీగ పొయ్యి కాయిల్‌లా ఎర్రబడి, పోయే గాలిని వేడి చేస్తుంది.

"రేపటి సంది నీ కొలువు పాయె బామ్మర్దీ," అన్నాడు బావ నాకు చాయ్ అందిస్తూ. నవ్వాను. లోపల మాత్రం రిటైర్మెంటు కాగితం చేతిలో పెట్టినట్టనిపించింది.

మర్నాడు ఆ లారీ స్టార్టయి తీరాలి. మిరుదొడ్డిలో అక్కవాళ్లకున్న మూడెకరాల వడ్లు కొనుగోలు కేంద్రంలో తూకమై, బస్తాల్లో రోడ్డు పక్కన ఉన్నాయి. మూడు రోజులుగా కేంద్రం పంపాల్సిన లారీ రాలేదు. పైగా మబ్బు పట్టింది. తూకమైనంత మాత్రాన వడ్లు మన చేయి దాటినట్టు కాదు. మిల్లులో దిగేదాకా తడిసినా, మొలకెత్తినా రైతువే. చివరికి, సొంత లారీ తెచ్చుకుంటే పొద్దున్నే హమాలీలను ఇస్తామని కేంద్రంవాళ్లు అన్నారు. ఆలస్యమైతే హమాలీలు వేరే కుప్పకు పోతారు. నాట్లు వేసింది, కలుపు తీసింది, రాత్రీ పగలూ ఆరబోసింది అక్కే. ఆ రాత్రి ఆమె అన్నం సరిగ్గా తినలేదని బావ చెప్పాడు.

నన్నెవరూ పిలవలేదు. అయినా వెళ్లాను, శాలువా కింద డబ్బా పెట్టుకుని.

బావ హీటరు మీట కాసేపు నొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాడు. దగ్గింది. మళ్లీ కొట్టాడు. బ్యాటరీ గొంతు బలహీనమవుతోంది. మూడోసారి కొడుతుంటే నా చేయి ఆగలేదు. బావ అడగలేదు, నేనే గొట్టం వదులు చేసి కొట్టాను. పైగా పనికొచ్చేవాడినని చూపించుకోవాలని కాబోలు, రెండు పుర్లు.

ఈథర్ ఉన్నచోట నిప్పు ఉండకూడదని ఏటా బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీసే మనిషిని. ఎర్రగా కాలిన తీగ మీదికే దాన్ని కొట్టాను. ఢామ్మని మంట వెనక్కి తన్నింది. రబ్బరు గొట్టం చీలి ఎగిరిపడింది. నా కనుబొమ్మలు రెండూ, మీసం సగమూ పోయాయి. లారీ మాత్రం కదలలేదు.

అక్క పరుగెత్తుకొచ్చి నా గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పింది.

"కండ్లు మంచిగ కనవడుతున్నయారా తమ్మీ?"

కనబడుతున్నాయన్నాను. తల పైకెత్తి మబ్బు చూసింది.

"మంట అంటుకుంటదని నాకే ఎరికాయె. సదువు చెప్పేటోనివి, నీకెట్ల తెల్వకపాయెరా," అంది. కేక వేయలేదు. వేసుంటే బాగుండేది.

తర్వాత తిట్టడానికి కూడా ఆగలేదు. గల్లీ చివర ట్రాక్టరున్న ఇంటి తలుపు కొట్టి, ఆ డ్రైవర్‌ను నిద్రలోంచి లేపుకొచ్చింది. చీలిన గొట్టానికి పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి బిగించాను. గొలుసు కట్టి ట్రాక్టరు లాగుతుంటే, బావ రెండో గేరులో క్లచ్ వదిలాడు. ఒక కుదుపు, రెండు కుదుపులు. మూడోదానికి లారీ నల్లటి పొగ కక్కి లేచింది.

అక్క క్యాబిన్ ఎక్కుతూ ఒకే మాట చెప్పింది. "ఆఖరి బస్తా మిల్లుల దిగేదాక దీన్ని బంద్ వెట్టొద్దు."

పెట్టలేదు. మిరుదొడ్డిలో హమాలీలు బస్తాలు ఎక్కిస్తున్నంతసేపూ ఇంజన్ నడుస్తూనే ఉంది. మాడిపోయిన మీసం చూసి వాళ్లు నవ్వుకున్నారు. నేనూ నవ్వాను, వేరే దారి లేదు. టార్పాలిన్ తాళ్లు కడుతుంటే మొదటి చినుకులు పడ్డాయి. మిల్లు దగ్గర లైను రోడ్డుదాకా ఉంది. లైనులో నిలబడ్డ లారీకి ఆ మోతేమిటని మిగతా డ్రైవర్లు మొహాలు చిట్లించారు. డీజిల్ మీకు పుక్కటికి వస్తుందా అని ఒకతను అడిగేశాడు. బావ చాయ్ తాగడానికి దిగితే యాక్సిలరేటర్ మీద కాలుపెట్టి కూర్చునేది నేను. ఇంజన్‌కు ఊపిరి పోసేవాణ్ణి, ఆ రోజు దాని ఊపిరి పోకుండా చూసే కాపలాదారుణ్ణయ్యాను.

మా వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. లారీ రేకుల షెడ్డు కిందికి పోయింది. మిల్లు మనిషి బస్తాల్లోకి బోలు సూది గుచ్చి, వడ్లు అరచేతిలో పోసుకుని, ఒక గింజ కొరికి చూశాడు. దించమని చేయి ఊపాడు. అక్క కొంగు బిగించి, ఆఖరి బస్తా దిగేదాకా ఆ పక్కనే నిలబడింది. తర్వాత క్యాబిన్ దగ్గరికి వచ్చి డోరు మీద చేయి వేసింది.

"ఇగ బంద్ చెయ్."

బావ ఇంజన్ ఆపాడు. ఆగాకే తెలిసింది, రేకుల మీద వాన ఎంత గట్టిగా కురుస్తోందో. అక్క కాసేపు తలెత్తి విన్నది.

"పడనీ," అంది.