పొద్దున కసరత్తు, సాయంత్రం బద్దలు

మొన్న ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సు ఎక్కబోతుంటే, "చెయ్యియ్యి అవ్వా, పైకి లాగుతా" అన్నాడు కండక్టరు. వద్దన్నాను. ఎడమ మోకాలు వంచి, మెట్టు మీద పెట్టి, నేనే ఎక్కాను. ఆ మోకాలు వంగడానికి ఎంత గొడవ పడ్డానో ఆ పిల్లవాడికేం తెలుసు?

పంతొమ్మిది వందల డెబ్బైల చివరి సంగతి. చొప్పవామి మీద నుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాను. నంద్యాల ఆసుపత్రిలో వేసిన సిమెంటు కట్టు విప్పేసరికి ఎముక అతికింది గానీ, మోకాలు కొయ్యలా బిగుసుకుపోయింది. కసరత్తు చేయించే సిస్టరమ్మ రోజూ ఎట్లా వంచాలో చూపించి పంపింది. ఇంటికొస్తే, మా ఊళ్లో విరిగిన ఎముకలు కట్టే పెద్దాయన అసలు కదిలించొద్దని, నూనె రాసి వెదురుబద్దలు కట్టాడు. మా అత్త ఎవరి మాటా తీసేసే మనిషి కాదు. పొద్దున బద్దలు విప్పి సిస్టరమ్మ చెప్పినట్టు వంచేది, సాయంత్రం పెద్దాయన చేత మళ్లీ కట్టించేది. ఒకరి సంగతి ఇంకొకరికి తెలిస్తే నొచ్చుకుంటారని ఆమె భయం. నంద్యాలకు పోయే రోజు నూనె వాసన రాకుండా నా కాలిని శీకాయతో తోమేది. పెద్దాయనకేమో పెండ్లికి పోతున్నామని చెప్పేది. ఆ ఏడాది నంద్యాలలో మాకున్నన్ని పెండ్లిళ్లు ఎవరికీ ఉండవు.

పొద్దున వంగిన మోకాలు రాత్రికి బిగిసేది. ఒకనాడు సిస్టరమ్మ మా ఆయనతో, "ఇట్లే ఉంటే ఈ కాలు ఇంక వంగదు" అంది. వంగని కాలితో పొయ్యి ముందు కూర్చోలేను, చేనిలో కలుపు తీయలేను. నా బతుకు గురించి నన్ను పక్కన పెట్టి మాట్లాడుకుంటున్నారు.

"సాయంత్రం బద్దలు కడతాండారమ్మా" అనేశాను.

మా ఆయన నా భుజం గిల్లాడు. "గిల్లితే గిల్లు. కాలు నాది" అన్నాను.

సిస్టరమ్మ కోప్పడలేదు. పెద్దాయనను పిలుచుకు రమ్మంది. ఊరికొచ్చి అంతా చెప్తే, ఆయనకు కట్టు తప్పన్న దానికన్నా పెండ్లిళ్లు అబద్ధమన్నదే ఎక్కువ కష్టమైంది. "నేను రాను పోమ్మే" అన్నాడు.

"రాకుంటే నీతో కట్టించుకోను, ఆయమ్మతో వంపించుకోను. ఇట్లే కుంటుతా. అడిగినోళ్లకంతా మీ ఇద్దరి పేర్లూ చెప్తా" అన్నాను.

వచ్చాడు. "మా తాత కాలం నుంచి కడతాండాం. ఎముక సంగతి నాకే చెప్తావా పాపా?" అని సిస్టరమ్మ మీదికి లేచాడు.

"ఎముక అతికింది పెద్దాయనా, పట్టి చూడండి. ఇప్పుడు కీలు వదలాల."

ఆయన వేళ్లతో కాలంతా తడిమి చూశాడు. "అయితే నా నూనె యాడికి పోవాల?" అన్నాడు చివరికి.

"కసరత్తుకు ముందు రుద్దండి. కాలు వెచ్చబడుతుంది."

అట్లా కుదిరింది. ఎంతదాకా వంచాలన్నది మిగిలింది. "నేను చాలంటే చాలు" అన్నాను.

"మొగుడుండాడు కదే చెప్పేదానికి!" అంది మా అత్త.

"నొప్పి ఆయన మోకాల్లో లేదు కదత్తా."

ముందు నవ్వింది పెద్దాయనే. ఆ మర్నాటి నుంచి ఆయన నూనె రుద్దేవాడు, అత్త వంచేది, నేను పళ్లు బిగపట్టి, ఓర్చుకోగలిగినంతా ఓర్చుకుని అప్పుడు చాలనేదాన్ని. శెనక్కాయ చేను కలుపుకు వచ్చేసరికి ఆడవాళ్ల వరసలో నేనూ కూర్చున్నాను.

వాళ్లెవరూ ఇప్పుడు లేరు. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను కాబట్టి ఇంత ఆలస్యంగా రాస్తున్నాను. కాలం నన్ను అడక్కుండానే పళ్లు తీసుకుపోయింది, చూపు తగ్గించింది. ముందు నన్నడగాలని దానికి చెప్పేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి, నేనే చెబుతున్నాను.