జ్వరం గోడ దాటింది

థర్మామీటర్ గారి దృష్టిలో లోకానికున్న రోగం ఒక్కటే, జ్వరం. అది ప్రాణమున్నవాటికే వస్తుందంటే ఆయన ఒప్పుకోరు. రేడియో, ఇస్త్రీపెట్టె, పక్కింటివారి స్కూటర్, ఏది ఎదురుపడినా చేతి వెనకభాగం ఆనించి, కళ్లు అరమూసి, "ఒళ్లు కాలిపోతోంది" అని తీర్పు చెబుతారు. ఒకసారి బ్యాంకు వరసలో ముందు నిలబడ్డ పెద్దమనిషి బట్టతలను కూడా ఇలాగే పరామర్శించి, ఆ తరవాత బ్యాంకే మార్చుకోవలసి వచ్చింది. వృత్తికి ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ అయినా, వీధి పెట్టిన పేరే స్థిరపడింది. ఇంతా చేసి ఆయనకు ఉక్క గిట్టదు. చలికాలంలో కూడా తన గది కిటికీ బార్లా తెరుచుకునే పడుకుంటారు.

ఆయన భార్య పుస్తకాలు పైకి చదివి, ఇంట్లోనే రికార్డు చేసి పంపే పని ఈమధ్యే సంపాదించుకుంది. మొదటి అధ్యాయం వెనక్కి వచ్చింది.

"గొంతు బంగారంలా ఉందండీ. వెనకాల ఆ పిండిమర ఎందుకు ఆడుతోంది?" అన్నాడు ప్రచురణకర్త ఫోనులో.

పిండిమర కాదు, పాత కంప్యూటర్‌లోని ఫ్యాను. శుక్రవారంలోగా ఆ రొద లేకుండా పంపకపోతే పుస్తకం ఇంకొకరి చేతికి పోతుంది. ఆవిడ ఈ గోడు వెళ్లబోసుకుంటుంటే థర్మామీటర్ గారు కంప్యూటర్ పక్కన చతికిలబడి, దాని డొక్క మీద చెయ్యి వేశారు.

"జ్వరమోయ్ దీనికి, పాపం!"

"నేను చెప్పేదేమిటి, మీరు చూసేదేమిటి?"

"గాలికి తగ్గేది కాదు. నీళ్లవైద్యం చెయ్యాలి."

భోజనాల బల్ల మీద పెద్ద కాగితం పరిచి, ఆనకట్ట కట్టేవాడి గాంభీర్యంతో ప్లాను గీశారు. ప్రాసెసర్ నెత్తిన రాగి దిమ్మ, దానిలోంచి పారే నీళ్లు, ఆ నీళ్లను తోలే పంపు, వాటి వేడిని లాగేసి ఫ్యానుతో ఊదేసే రేడియేటర్. గొట్టాలు రెండు మాత్రం కాగితం అంచు దాకా వెళ్లి ఆగిపోయాయి.

"ఇవెక్కడికి పోతున్నాయండీ?"

"కాగితం చాల్లేదు."

గురువారానికి కంప్యూటర్ పొట్ట విప్పుకుని పడుంది. ఆవిడకు తుమ్ము వచ్చింది. చూస్తే టిష్యూల పెట్టె ఖాళీ. గొట్టాల ప్రతి అతుకు కిందా ఒక టిష్యూ పరిచి, పంపు ఒక్కటీ ఆడించి, ఎక్కడ తడుస్తుందా అని ఆయన కాపలా కాస్తున్నారు.

"నా ముక్కుకి ఒక్కటైనా మిగల్చలేదా?"

"నీ ముక్కు కారితే తుడుచుకోవచ్చు. దీని ముక్కు కారితే బోర్డు మాడిపోతుంది."

"రేపే శుక్రవారం! దాన్ని చూసినంత శ్రద్ధగా ఒక్కసారి నా మొహం చూడండి."

ఆయన శ్రద్ధగానే చూసి, నుదుటి మీద చెయ్యి ఆనించి, "నీకేం లేదు" అన్నారు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి గిన్నెల మీద కసి తీర్చుకుంది.

శుక్రవారం పొద్దున, "ఇక చదువుకో" అని ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయారు. ఆవిడ మీట నొక్కింది. చప్పుడు లేదు. సరిగ్గా పడలేదేమోనని మళ్లీ నొక్కబోయి, తెర వెలగడం చూసి ఆగింది. అధ్యాయం ఏకబిగిన చదివి వింటే, తన గొంతు, పేజీ తిప్పిన సవ్వడి, అంతే. పంపేసి, ఆయనకు చెబుదామని లేచినప్పుడు కంటబడ్డాయి గొట్టాలు. బల్ల వెనక గోడకు బెజ్జం. అందులోంచి అవతలికి, ఆయన గదిలోకి.

తలుపు తీసింది. పిండిమర అక్కడ ఆడుతోంది.

రేడియేటర్ ఆయన తలగడ పక్కన వేడిగాలి బుసకొడుతోంది. రొద బయటినుంచి చుట్టూ తిరిగి ఆవిడ కిటికీలో దూరకుండా, తన కిటికీ బిగించేసుకున్నారు. తడిసి ముద్దయిన బనీనుతో, రేడియేటర్ వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

"ఎలా ఉంది?" అని గుమ్మంలోంచే అడిగింది ఆవిడ.

"దిగుతోంది."

పుస్తకం ఆవిడకే ఉండిపోయింది. ఆదివారం ఆవిడ తమ్ముడు వచ్చి, గొట్టాల వెంట ఈ గదికీ ఆ గదికీ నడిచి చూశాడు.

"అంతా బాగానే ఉంది గానీ బావా, నీళ్లను ఇంత దూరం తోలే బదులు, కంప్యూటర్నే నీ గదిలో పెట్టి, ఒక్క తీగ గోడ దాటిస్తే..."

ఆ సంగతి ఆవిడకు శుక్రవారమే తట్టింది. తమ్ముడి కాలు గట్టిగా తొక్కింది.

"అమ్మో!"

థర్మామీటర్ గారు ఆదుర్దాగా వచ్చి, బావమరిది నుదుటి మీద చెయ్యి ఆనించి, కళ్లు అరమూశారు.

"ఏమండీ, ఉందా?" అంది ఆవిడ.

"కాస్త ఉంది. పడుకోవోయ్, ఎక్కువ మాట్లాడకు."