కోటయ్య గారు ఆపిన కారు

మొన్న ముసునూరు రోడ్డులో ఒక మెకానిక్ షెడ్డు పక్కన ఆటో కోసం నిలబడి ఉంటే, లోపల ఎవరో బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీశారు. ఎదురుగా లారీకెత్తుతున్న రసాల తీపి వాసనను కూడా తోసుకుంటూ ఆ ఘాటు నా ముక్కుకు తగిలింది. మామిడిపండు కన్నా నాకు ఆ వాసనే ఇష్టమంటే మా ఇంట్లోవాళ్లు పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. చూడనీండి. వాళ్లు కోటయ్య గారిని నా అంత ఎరగరు.

కోటయ్య గారు నూజివీడులో మా పాత కారుకు మెకానిక్కు. నేను ఆడపిల్లల బడిలో లెక్కల టీచర్ని, నోరు పెద్దదని ఊరంతా పేరు. నా క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినబడేది. టీచరన్నాక తప్పు ఒప్పుకోకూడదు, ఒప్పుకుంటే పిల్లలు నెత్తినెక్కి కూర్చుంటారన్నది అప్పటి నా సిద్ధాంతం. ఆయన దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు కూడా కారుకు ఫలానా జబ్బని నేనే తీర్పు చెప్పేశాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "రోగం పేరు మీరే చెప్పేస్తే ఇంక నేనెందుకండీ? బండి ఏం చేస్తోందో అది చెప్పండి చాలు" అన్నారు. ఒళ్లు మండిపోయింది. అయినా మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లాను.

ఒక ఏప్రిల్‌లో మా బడి పిల్లలు నలుగురిని ఏలూరులో ప్రవేశపరీక్షకు నా కారులోనే తీసుకెళ్తానని మాటిచ్చాను. నెగ్గితే ఫీజు లేని చదువు, హాస్టలు. ఆ నాలుగిళ్లకూ అంతకు మించిన అవకాశం లేదు. తీరా ముందురోజు బ్రేకు పెడలు మెత్తగా లోపలికి దిగిపోవడం మొదలైంది. కోటయ్య గారు నన్ను సీట్లో కూర్చోబెట్టి తొక్కమని, తాను కారు కిందికి దూరి పైపుల్లో చేరిన గాలి తీశారు. తర్వాత తనే ఎక్కి మూడుసార్లు గట్టిగా తొక్కి, "బాగుందండీ, తీసుకెళ్లండి" అన్నారు. ఆ నలుగురిలో ఒకతి, మా పక్క సందు రత్న, ఆ దారినే వస్తుంటే కారెక్కించుకుని ఇంటి దగ్గర దింపాను.

తెల్లారి ఆరింటికి పిల్లలు హాల్ టికెట్లతో కారు చుట్టూ చేరారు. ఇంతలో కోటయ్య గారు రొప్పుకుంటూ సైకిల్ మీద వచ్చి గేటుకు అడ్డంగా దిగారు.

"అమ్మా, కారు తియ్యకండి. నిన్న నేను తప్పు చెప్పాను."

"బాగుందని మీరేగా అన్నారు! ఇప్పుడీ పిల్లల్ని నెత్తిన పెట్టుకుని మోసుకెళ్లనా?" అని అరిచాను.

"అన్నానండీ. తప్పన్నాను. పొద్దున్నే మొహం కడుక్కుంటుంటే తట్టింది. చక్రాల దగ్గర, పైపుల మీద ఎక్కడా ఆయిల్ కారిన తడి లేదు. తడి లేని బండిలోకి గాలి ఎలా దూరింది? ఒక్కసారి ఎక్కండి. గట్టిగా వద్దు, మెల్లగా తొక్కి అలాగే పట్టుకోండి."

పట్టుకున్నాను. నా కాలి కింద పెడలు నెమ్మదిగా, ఆగకుండా, నేల దాకా దిగిపోయింది.

"బ్రేకులకు ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బరు పోయిందండీ. తొక్కి పట్టుకుని చూడాల్సింది, నేను చూళ్లేదు" అన్నారు, నలుగురు పిల్లల ముందు, నా ముందు. సాకు చెప్పలేదు. బస్టాండుకు మమ్మల్ని తీసుకెళ్లడానికి ఆటో కూడా తనే పిలుచుకొచ్చారు.

మామిడి బుట్టలతో కిక్కిరిసిన బస్సులో రత్న నా పక్కన నిలబడింది. చాలాసేపు నసిగి, "టీచర్, నిన్న మా సందు మొదట్లో మీరు బ్రేకు రెండుసార్లు తొక్కారు. మొదటిసారి కారు ఆగలేదు. నేను చూశాను" అంది.

"మరి చెప్పలేదేమే?" అన్నాను. కాలు సరిగ్గా పడలేదనుకుని నేనది అప్పుడే మరిచిపోయాను.

"తిడతారని."

"అయితే ఇవాళ కారెక్కేదానివా?"

"ఎక్కేదాన్ని టీచర్" అంది తల వంచుకుని.

నా నోటికి భయపడి ఆ పిల్ల ప్రాణం మీదికి తెచ్చుకునేదే కదా! పరీక్ష నలుగురూ రాశారు, ఇద్దరికి సీటొచ్చింది. కోటయ్య గారు పోయి ఆరేళ్లయింది. నా నోరేమీ తగ్గలేదు, అబద్ధమెందుకు? కానీ ఏటా కొత్త క్లాసులో మొదటిరోజు కావాలని బోర్డు మీద ఒక లెక్క తప్పు చేస్తాను. ఎవరో ఒక పిల్ల భయం భయంగా చెయ్యెత్తేదాకా రెండో లెక్క మొదలుపెట్టను.