అటు మలిపి ఇడువు

మా పాపకు బడిలో చెప్పారని నాందేడ్‌లోని మా ఇంటి బాల్కనీలో ఓ గాజు సీసాలో గొంగళిపురుగును పెంచాం. మూత తీస్తే నమిలిన కరివేపాకు పచ్చి వాసన.

మా నాందేడ్ జిల్లాలోని హిమాయత్‌నగర్ వైపు పల్లెల దోస్తులకు గుర్తుండే ఉంటుంది. కంది పూతకొచ్చిందంటే చెట్ల కింద పాత చీర పరిచి కొమ్మలు దులిపేవాళ్లం. టపటపా రాలిన పురుగులన్నీ కోళ్లకే. వాటిలో ఒకదాన్ని మా చెల్లె దాచి, ఊరగాయ సీసాలో కంది పువ్వులు వేసి పెంచింది. సీతాకోకచిలుక అవుతుందని దాని ఆశ.

బాపు చూశాడు. పంట తినే పురుగు కదా, తిడతాడనుకున్నాం.

"అది మట్టిల పండుకుంటది. సీసల జర మట్టి పొయ్యి," అన్నాడంతే.

కొన్నాళ్లకు మట్టిలోంచి మాసిన గోధుమరంగు రెక్కల పురుగొకటి పైకొచ్చింది. చెల్లె ముఖం చిన్నబోయింది. అయినా "ఇడుస్త బాపు," అంది.

"ఇడువు బిడ్డా. గని మన చేను దిక్కు గాదు, అటు మలిపి ఇడువు."

చెల్లె సీసాను రోడ్డు వైపు మలిపి మూత తీసింది. పురుగు ఓ చుట్టు తిరిగి మా చేనులోకే పోయింది. బాపు మళ్లీ చీర పరిచాడు.

మా సీసాలోని పురుగు గూడు కట్టినప్పుడు పాపకు ఇదంతా చెప్పాను. ఇవాళ పొద్దున నల్ల రెక్కల మీద పసుపు మచ్చలతో సీతాకోకచిలుక బయటికొచ్చింది. పాప సీసా పట్టుకుని నిలబడింది.

"ఎటు మలిపి ఇడువాలె పప్పా?"

"ఎటన్న ఇడువు బిడ్డా. ఇప్పుడు మనకు చేను లేదు."