ఖాళీ కుర్చీతో తెలుగు

విరుదునగర్‌లో ఒక పప్పుల మండీలో సరుకు నాణ్యత చూడటం నా ఉద్యోగం. పప్పు కొరికినందుకు కూడా జీతమిస్తారా అని మా చుట్టాలకు ఇప్పటికీ అనుమానమే. పప్పులో కాలేయకుండా ఉండటమే నా పని అని చెబుతుంటాను. కోవిల్‌పట్టి నుంచి రోజూ బస్సు. నడుము నొప్పి, ఎండ, ఇరుకు సీట్లు. అయినా ఆ ఉద్యోగమంటే నాకు మోజు. ఎందుకో మామ పోయాకే తెలిసింది.

మామ చుట్టం కాదు, నా పక్క కుర్చీ. మండీలో అందరిదీ తమిళం. పుదూరు దగ్గరి పల్లె నుంచి వచ్చే ఆయనకీ, నాకూ మాత్రం ఇంటి మాట తెలుగు. దాన్ని గడప దాటించకపోవడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మా బల్లకు మాత్రం గడప లేదు. ఆయన కందిపప్పు పంటికింద పెట్టి, "తడి ఉండాది కదా అల్లుడా?" అనేవాడు. నేనూ కొరికి, "ఎండబెడితే సరిపోతాది మామా" అనేవాణ్ణి.

"పప్పునా, నీ బుర్రనా?" అనేవాడు.

నిరుడు ఎండాకాలంలో మామ గుండె ఆగి చనిపోయాడు.

ఆ తర్వాత కూడా నేను పప్పు కొరికి, పక్కకు తిరిగి, "తడి ఉండాది మామా" అంటూనే ఉన్నాను. ఒక్కోసారి కుర్చీ కిర్రుమనేది. బిల్లులు రాసే అమ్మాయి తన బల్ల దూరంగా జరుపుకుంది. ఇంట్లో చెబితే నా భార్య, "మాట్లాడేదానికి నేను లేనా? నాతో అయితే రెండు మాటలకే ఆవలిస్తారు!" అంది.

ఇంతలో మా యజమాని కోవిల్‌పట్టిలో కొత్త కొట్టు తెరుస్తూ నన్ను అక్కడికి పొమ్మన్నాడు. ఇంటికి నడిచే దూరం. "ఇంకా ఆలోచిస్తారేంటికి?" అంది నా భార్య. నిజమే. సరేనని చెప్పాలనే వెళ్లాను. యజమాని మా బల్ల దగ్గరికే వచ్చి, "ఏం, పోతావా?" అని తమిళంలో అడిగాడు. నా తల దానంతటదే పక్కకు తిరిగింది.

"ఏమంటావు మామా?" అన్నాను, తెలుగులో, గట్టిగానే.

యజమానికి తెలుగు రాదు. నా చూపు ఎక్కడుందో మాత్రం కనబడింది. "ఆ కుర్చీ కూడా తీసుకుపో" అన్నాడు మెల్లగా.

"కుర్చీ వస్తుంది, ఆయన రాడు" అన్నాను.

కొత్త కొట్టుకు వేరేవాణ్ణి పంపారు. సంగతంతా విని నా భార్య, "అయితే మీ మామ ఏమన్నాడంట?" అంది.

"ఇంకా ఏమీ చెప్పలేదు" అన్నాను. "రేపు కూడా పోవాల."