వదులు చేతుల గౌను

వీధిలో ఆమెను కత్తెర అంటారు, కత్తెర కంటే నోరే పదునని. కుట్టుపని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాతబట్టల కుట్లు విప్పి, మళ్లీ కుట్టి నేర్చుకుంది. ఆమె కుట్టిన చేతి కింద ముడత ఉండదు. వీధి మలుపులో ఉన్న దర్జీ కుట్టే వదులు చేతుల్ని "దిండు గలీబులు" అనేది, అతనికి వినబడేలాగే.

ఆవేళ ఓ అత్తగారు కోడల్ని ముందుకు తోసుకుంటూ వచ్చింది.

"ఏవమ్మా, నా కూతురి పెళ్లికి దీనికో గౌను కుట్టు. చేతులు ఒంటికి అతుక్కోవాలి. రెండేళ్లయినా కడుపు పండలేదు, గౌనైనా సరిగ్గా ఉండనీ."

"కడుపులు నేను కుట్టను. గుడ్డ ఇలా ఇవ్వండి."

కత్తెర ఆ పిల్ల భుజం కింద టేపు చుట్టింది. చెయ్యి లోపలివైపు, చర్మం కింద, అగ్గిపుల్లంత కడ్డీ వేలికి తగిలింది. పిల్ల బిగుసుకుపోయింది. గర్భం రాకుండా క్లినిక్కులో పెట్టే మందుకడ్డీ అది. కత్తెర చేతిలోనూ ఒకప్పుడు ఉండేది. తీయించుకున్న మచ్చ ఇంకా ఉంది.

అత్తగారు అద్దం వైపు తిరగగానే కోడలు గొణిగింది.

"మూడేళ్లు పనిచేస్తుందట పిన్నీ. నా చదువు అయ్యేదాకా అనుకున్నాం. ఆయనకి తెలుసు. వాళ్లమ్మకి చెప్పే ధైర్యమే లేదు."

"మీ ఆయన పిరికితనం కూడా నీ చేతిలోనే దాచావన్నమాట. కదలకు."

గుడ్డ పల్చన, చెయ్యి సన్నన. బిగించి కుడితే కడ్డీ గీతలా తేలుతుంది. పైగా ఆ అత్తగారు ప్రతి కుట్టూ వేళ్లతో తడిమి చూడందే గడప దాటదు. కత్తెర పళ్లు నూరుకుంటూ చేతులు వదులుగా కోసి, లోపల మందపాటి అస్తరు వేసింది. పెళ్లి ముందురోజు దాకా గౌను ఇవ్వలేదు కూడా, ఇంకో దర్జీ దగ్గరికి పరిగెత్తే వ్యవధి లేకుండా.

కోడలు తొడుక్కోగానే అత్తగారు కొట్టు అదిరేలా అరిచింది.

"ఇవి చేతులా, గలీబులా? ఎంత వదులో నేనే పట్టి చూపిస్తా ఉండు!"

చాచిన ఆ చేతిని కత్తెర కొలబద్దతో పక్కకు కొట్టింది.

"నా కొట్లో నేను తప్ప ఎవరూ కొలతలు పట్టరు."

"అయితే నువ్వే బిగించు."

"బిగించను."

"చేతకాదని చెప్పవేం?"

పిల్ల మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇన్నేళ్లలో ఆ మాట కత్తెరను ఎవరూ అనలేదు.

"చేతకాదు. కళ్లు ఆనడం లేదు. చాలా?"

"అలా దారికి రా! వీధంతా చెబుతా."

"చెప్పండి. మీ గొంతుకి డప్పు కూడా అక్కర్లేదు."

కోడలు గుమ్మంలో ఆగింది. "పిన్నీ..."

"పో. ఆ చేతులు లాక్కోకు, కుట్టు చెడుతుంది."

గలీబులు ఊగుతూ మలుపు దాకా పోయాయి. అక్కడి దర్జీ మిషను ఆపి, తలెత్తి చూసి, తీరిగ్గా నవ్వాడు. కత్తెరకు ఒళ్లు మండిపోయింది.