చేపల తొట్టి కింద ఊత

ఆ వడ్రంగిని వీధిలో అందరూ బిగింపు మేస్త్రి అంటారు. ఆయన చేసిన తలుపు మూస్తే సందులోంచి కాగితం కూడా దూరదు. దూరితే ఆ పూట ఆయనకి ముద్ద దిగదు. ఒకసారి ఎవరింట్లోనో ఆయన చేసిందని చెప్పే మంచం కిర్రుమంటోందని చెవిన పడితే, పిలవకుండానే సంచి భుజాన వేసుకుని వెళ్లి, అది తన చేతి పని కాదని తేల్చుకున్నాకే ఇంటికొచ్చాడు. పొగరంటే పొగరే. అంత పొగరున్న మనిషీ సొంత తమ్ముడి గది దాకా వెళ్లి మాత్రం తలుపు తట్టకుండానే వెనక్కి తిరిగేవాడు.

తమ్ముడు బస్సు డ్రైవరు. పెళ్లి చేసుకోలేదు, అన్నావదినల దగ్గరే ఉంటాడు. ఎనిమిది నెలల కిందట ఒక మలుపులో సైకిలు మనిషి అతని బస్సు కింద పడి చనిపోయాడు. డ్రైవరు తప్పేమీ లేదని విచారణలో తేలింది. తమ్ముడి మనసులో మాత్రం తేలలేదు. ఆ రోజు నుంచి గది విడిచి వచ్చింది తక్కువ. కంచం నిండుగా లోపలికి వెళ్లేది, సగం సగంగా బయటికి వచ్చేది. ఏమడిగినా ఊ, కాదంటే ఊహూ. గదిలో అన్న చేసిన స్టాండు మీద రెండడుగుల గాజు తొట్టి, అందులో తొమ్మిది చేపలు. పొద్దస్తమానం వాటి ముందే కూర్చునేవాడు. వాటికి నీళ్లు మార్చడమొక్కటే అతను శ్రద్ధగా చేసే పని.

అలాంటివాడు ఒక ఉదయం వంటింటి గుమ్మంలోకి వచ్చి, "అన్నయ్యా, వాటికి చోటు చాలట్లేదు. పెద్ద తొట్టి తెచ్చుకుంటాను. మన స్టాండు ఆగుతుందా?" అని అడిగాడు.

వదిన చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మేస్త్రికి ఏనుగెక్కినంత సంబరం. "ఆగకపోవడమేంట్రా? నువ్వు అందులో దిగి ఈత కొట్టినా ఆగేలా చేస్తా!" అన్నాడు.

తమ్ముడు నవ్వలేదు గానీ పెదవి కొస కాస్త కదిలింది. ఆ కాస్త కోసం మేస్త్రి ఒప్పుకున్న పనులన్నీ వారం పాటు పక్కన పెట్టేశాడు.

కొత్త తొట్టి మూడున్నర అడుగులు. నీళ్లూ గాజూ గులకరాళ్లూ కలిపితే నలుగురు మనుషుల బరువు. మేస్త్రి పాత పలక ఊడదీసి, పొడవాటి అడ్డకర్రలు కొత్తగా వేసి, కాళ్లను అంచులకు జరిపాడు. ప్రతి కాలి పక్కనా ఇంకో కర్ర నిలబెట్టి, అడ్డకర్ర దాని నెత్తిన కూర్చునేలా చేశాడు. బరువు మేకుల మీద కాదు, కర్ర మీద పడాలి. పక్కలకు ఊగకుండా వెనకవైపు ఏటవాలుగా రెండు బద్దలు బిగించి, పైన దిట్టమైన పలక వేశాడు. అంతవరకూ ఎవరూ వంక పెట్టలేని పని. మొదటి రోజు తమ్ముడు తలుపు దగ్గర నిలబడి చూశాడు. రెండో రోజు వచ్చి కర్ర కదలకుండా పట్టుకున్నాడు. మూడో రోజు, ఎవరూ చెప్పకుండానే, రంపపు పొట్టు ఊడ్చి ఎత్తాడు.

చివర్లో, ఎందుకైనా మంచిదని, మేస్త్రి పలక కింద నట్టనడుమ ఒక ఊత పెట్టాడు. పెట్టడం తప్పు కాదు. తన పద్ధతిలో పెట్టాడు, అదే తప్పు. వెంట్రుకవాసి పొడవు ఎక్కువ కోసి, సుత్తితో టకటకా కొట్టి ఇరికించాడు. మంచాలకు నలభై ఏళ్లుగా అలాగే చేస్తున్నాడు. మంచం మీద పరుపుంటుంది, నడుమ కాస్త ఉబ్బినా ఎవరికీ తెలియదు. గాజుకు తెలుస్తుంది.

"తొట్టి కింద థర్మోకోల్ షీటు వెయ్యమన్నాడన్నయ్యా షాపాయన," అన్నాడు తమ్ముడు.

"నా పలక మీద పరుపెందుకురా? అవన్నీ వంకర పనోళ్లకి!" అని మేస్త్రి కొట్టిపారేశాడు. రెండు చివర్లా రసమట్టం అడ్డంగా పెట్టి, బుడగ సరిగ్గా నిలిచిందని చంకలు గుద్దుకున్నాడు. పొడుగునా పెట్టి చూడాలని ఆయనకు తోచనే లేదు.

గదిలో పట్టదని హాల్లో కిటికీ పక్కన పెట్టిన తొట్టి నిండింది. ఆ తర్వాత మూడు రోజులూ ఆ ఇంట్లో మనుషులు మాట్లాడుకున్నారు. తమ్ముడు బల్ల దగ్గర కూర్చుని వదిన చేత రెండోసారి వడ్డించుకున్నాడు. సోమవారం డిపోకి వెళ్తానని, స్టీరింగు పట్టుకోలేకపోయినా షెడ్డులో ఏదో ఒక పని అడుగుతానని తనంతట తానే చెప్పాడు. వదిన అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. మేస్త్రి అతని చొక్కా ఇస్త్రీకి ఇచ్చి వచ్చాడు.

ఆదివారం పది గంటలకు తొట్టి అడుగు టప్పున పగిలింది. నీళ్లు హాలంతా పారి గుమ్మం దాటాయి. అన్నదమ్ములిద్దరూ మోకాళ్ల మీద పాకుతూ సోఫా కిందా బీరువా కిందా చేపల కోసం వెతికారు. వదిన బకెట్టు పట్టుకుని వాళ్ల వెనకే తిరిగింది. తొమ్మిదింటిలో మూడు బతికాయి.

తమ్ముడు తడి నేల మీద చతికిలబడ్డాడు. "పొద్దున నేనే రెండు బకెట్లు ఎక్కువ పోశాను. నా చేతికి ఏది ఇచ్చినా ఇంతే," అన్నాడు.

మేస్త్రి పగులు వంక చూశాడు. అది సరిగ్గా ఊత మీదుగా పోయింది. గాజు ముక్కలు తీసేసి పలక మీద పొడవాటి ఇనుప స్కేలు పెడితే, నడుమ ఆనుకుని రెండు చివర్లూ గాల్లో ఊగాయి. నలభై ఏళ్లలో ఎన్నడూ అనని మాట అన్నాడు.

"తప్పు నాదిరా. ఊత పొడుగైంది. ఇదిగో, నీ కళ్లతో నువ్వే చూడు."

తమ్ముడు చూడలేదు. "ఊరుకో అన్నయ్యా. చిన్నప్పుడు నేను పక్కింటి అద్దం పగలగొడితే ఆ తప్పు నీ మీద వేసుకుని తన్నులు తిన్నావు. ఇప్పుడు కూడానా? నీ పనిలో లోపం ఉంటుందంటే ఎవరు నమ్ముతారు?"

"నువ్వైనా చెప్పవే," అన్నాడు మేస్త్రి భార్యతో.

ఆమె నీళ్లు ఎత్తుతూ గొంతు తగ్గించి, "మీరు మరీనూ. అతనికి తెలియదా, మీ పని ఎలా ఉంటుందో," అంది.

తమ్ముడు బతికిన చేపలున్న బకెట్టు తీసుకుని గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. బిగింపు మేస్త్రి చేసిన తలుపు, తోసినా కదల్లేదు. ఆయన దానికి నుదురు ఆనించి నిలబడ్డాడు. తన మంచి పేరు మీద అంత అసహ్యం ఆయనకు ఎన్నడూ కలగలేదు.

"ఒరేయ్, నన్ను తిట్టరా. నీ వల్లే నా చేపలు చచ్చాయని ఒక్క మాట అనరా. నీకు దణ్ణం పెడతాను."

లోపలినుంచి మెల్లగా వినిపించింది.

"నువ్వెళ్లి భోంచెయ్యన్నయ్యా. నా మూలంగా పొద్దుటి నుంచీ నీకు తిండి కూడా లేదు."